నిలబడి లేచి, పడుకుని పోయేది

నేను ఏం పని చేస్తానని ఎవరైనా అడిగితే నా కంటే ముందు మా అమ్మ జవాబు చెప్పేస్తుంది. "డ్రోన్లు చేస్తది. పెండ్లిళ్లల్ల పైనుంచి వీడియో తీస్తరు గదా, గవే." నేను కాదంటాను. మేం చేసేది హెలికాప్టర్‌లా ఉన్నచోటి నుంచే నిట్టనిలువుగా లేచి, పైకి వెళ్లాక విమానంలా రెక్కల మీద సాగిపోయే యంత్రమని, లోపల మనిషి ఉండడని, ఇంకా ప్రయోగాల దశలోనే ఉందని వివరిస్తాను. అడిగిన మనిషి శ్రద్ధగా తల ఊపి, "మా తమ్ముని పెండ్లుంది, మీరు ఖాళీనా?" అంటాడు.

ఈ పనిలోకి నేను వచ్చింది పద్మారావు నగర్‌లోని ఒక కర్రీ పాయింట్ దగ్గర. అప్పట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేదాన్ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని. తప్పు దొరికితే రాసినవాళ్లకు కోపం, దొరక్కపోతే మేనేజర్‌కు అనుమానం. ఒక సాయంత్రం వంకాయ కూర కోసం వరసలో నిలబడితే, నా ముందు ఒక పెద్దాయన చంకలో తెల్లటి థర్మాకోల్ రెక్క ఇరికించుకుని ఉన్నారు. ఆయన పక్కకు తిరిగినప్పుడల్లా రెక్క కొస వెనకవాళ్ల ముఖాల ముందు నుంచి పోతోంది. మొదట రెక్కను తిట్టుకున్నాను, తర్వాత మనిషిని గుర్తుపట్టాను. ఇంజనీరింగ్ కాలేజీలో నాకు పాఠాలు చెప్పిన సర్. గోదావరి జిల్లా మనిషి. ఎప్పుడో ఉద్యోగానికని సికింద్రాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు గాని, మాట మాత్రం అక్కడిదే.

"అమ్మాయ్, నువ్వా! కాస్త ఇది పట్టుకో. వంచకు సుమా," అని రెక్క నా చేతికిచ్చి, ఆయన సాంబారు ప్యాకెట్ ముడి సరిచూసుకోవడంలో పడ్డారు.

రెక్క అంత పొడవున్నా బరువే లేదు. రోడ్డు మీద బస్సు పోతే వచ్చిన గాలికి నా చేతుల్లో పైకి లేవబోయింది. ఆయన సాంబారు సంగతి తేల్చుకునేలోపు నాకు ఉద్యోగం మీద విసుగు పుట్టింది. ఆ తర్వాత సెలవు రోజుల్లో వాళ్ల మేడ మీది గదికి వెళ్లడం మొదలైంది, ఆ తర్వాత పనిరోజుల్లో కూడా. చివరికి ఉద్యోగం మానేశాను. తలుపు మీద కంపెనీ పేరుతో బోర్డు పెట్టాం. కంపెనీ అంటే ఆయన, నేను. ఆయన లెక్కలు వేసి బొమ్మ గీస్తారు. నేను అతికించి, ప్రోగ్రాం రాసి, రిమోట్ పట్టుకుని ఎగరేస్తాను. పడితే ఇద్దరం కలిసి ముక్కలు ఏరుకుంటాం.

మా యంత్రం రూపం ఎలా ఉంటుందంటే, అదొక రెక్కల విమానమే. కాని నేల మీద చక్రాలతో నిలవదు, తోక మీద నిలబడుతుంది, ముక్కు ఆకాశం వైపు పెట్టి. రెక్కల అంచున చెరొక పంకా. పంకాలు తిరిగితే నిలువుగా లేస్తుంది. కావలసినంత ఎత్తు వెళ్లాక మెల్లగా ముందుకు ఒరిగి, గాల్లోనే పడుకుని, విమానంలా పోవాలి. తిరిగి వచ్చినప్పుడు మళ్లీ లేచి నిలబడి తోక మీద దిగాలి. పరుగెత్తే దారి అక్కర్లేదు, రెక్కల మీద పోతుంది గనక బ్యాటరీ తొందరగా అయిపోదు. వినడానికి ఎంత బాగుంటుందో! చిక్కంతా ఆ ఒరిగే కొద్ది క్షణాల్లో ఉంది. అప్పుడది హెలికాప్టరూ కాదు, విమానమూ కాదు. పంకాలు మోయడం మానేస్తుంటాయి, రెక్కలు ఇంకా మోయడం మొదలుపెట్టవు. ఆ మధ్యలో కింద నిలబడి రిమోట్ పట్టుకున్న మనిషి పరిస్థితి ఏమిటో నాకు తెలుసు.

మొదటి పరీక్షలు మేడ మీదే చేశాం. పంకాలు ఎంత బలంగా లాగుతాయో కొలవాలి. దానికి తగిన పరికరం మా దగ్గర లేక, మోండా మార్కెట్‌కు వెళ్లి కూరగాయల మూటలు తూచే కొక్కెం కాటా కొన్నాం. దుకాణదారు "ఏం తూస్తరు?" అని అడిగితే సర్ నిజాయితీగా "గాలిని తోస్తే వచ్చే బలం తూస్తామండీ" అన్నారు. అతను కాటాకు గ్యారంటీ లేదని చెప్పాడు.

యంత్రాన్ని బట్టలారేసే తాడుతో కాటాకు కట్టి, కాటాను నీళ్ల ట్యాంకు పైపుకు కట్టి, పంకాలు తిప్పాం. చప్పుడు వీధి చివరి దాకా వినిపించింది. ఎదురింటి వాళ్ల దుప్పట్లు లేచిపోయాయి. కాసేపటికి ఒక కానిస్టేబుల్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏందమ్మా ఇది? డ్రోనా?"

నేను నోరు తెరిచేలోపు సర్ మొదలుపెట్టారు. హెలికాప్టర్‌లోని సుగుణం, విమానంలోని సుగుణం, రెండూ ఒకే శరీరంలో ఇమిడ్చితే కలిగే లాభం, తోక మీద నిలబడే పద్ధతి ఎందుకు గొప్పది, అన్నీ చెప్పారు. కానిస్టేబుల్ మర్యాదస్థుడు. మంచినీళ్లు తాగి, పూర్తిగా విన్నాడు.

"సార్, మీరు చెప్పింది మస్తుగుంది. నాకు సమజైంది ఒక్కటే. గిది ఎగుర్తది."

"ఎగురుతుందండీ! అదే కదా మా ఆశ," అన్నారు సర్, ఒక మంచి విద్యార్థి దొరికిన సంతోషంతో.

"గది ఎగిరితే నా నౌక్రి ఎగుర్తది. గా పక్కన మిలిటరీ, గీ పక్కన పాత ఎయిర్‌పోర్టు. ఈడ ఎగరేస్తే నన్ను పరేషాన్ చేస్తరు సార్. బంద్ చెయ్యుండ్రి."

"తాడు కట్టే ఉంచామండీ."

"మా ఇంట్ల కుక్కకు సుత తాడు కట్టే ఉంచిన సార్. పొద్దుగాల నుంచి దొర్కుత లేదు."

మూసిన గదిలో ఎగరేసుకుంటే తనకేం అభ్యంతరం లేదని మాత్రం వెళ్తూ వెళ్తూ అన్నాడు. కాని రెక్క వెడల్పు చూస్తే, అది తిరగడానికి సరిపడే గది మాకెవరికీ లేదు. మా అమ్మే దారి చూపించింది. మెట్టుగూడలో మా ఇంటికి దగ్గరలోనే ఒక ఫంక్షన్ హాలుంది. "ఆషాఢం షురూ అయింది. ఇప్పుడు ఎవ్వరు పెండ్లిళ్లు చేస్తరు? ఖాళీగనే ఉంటది, పోయి అడుగు," అంది.

హాలు యజమానురాలు అరవై దాటిన మనిషి. భర్త పోయాక హాలును ఒక్కతే నడుపుతోంది. చేతిలో ఎప్పుడూ తాళాల గుత్తి, మెడలో కళ్లజోడు దారం. నేను "అమ్మా" అని మొదలుపెట్టగానే ఆపింది.

"అమ్మ అనకు, అక్క అను. ఏం ఫంక్షన్?"

"ఫంక్షన్ కాదక్కా. ఒక మిషిన్ ఎగరేసి చూసుకుంటం."

"మంది ఎంతమంది?"

"ఇద్దరం."

"ఇద్దరికి నా హాలా!" అని కళ్లజోడు పెట్టుకుని మరీ మమ్మల్ని చూసింది. కాని ఆషాఢంలో హాలులో పావురాలు తప్ప మరెవరూ రారు. చివరికి ఒప్పుకుంది, రెండు షరతుల మీద. ఒకటి, హాలు మధ్యలో వేలాడే జూమర్‌కు, అంటే ఆ పెద్ద గాజు దీపాల గుత్తికి, ఏమీ కాకూడదు. రెండు, ఎగరేసినప్పుడల్లా ఆమె కూర్చుని చూస్తుంది. "టీవీల సీరియల్ గూడ మంచిగ లేదీ మధ్య," అంది.

హాలుకు అడ్డంగా క్రికెట్ నెట్ కట్టి, ఒక పక్క మేం, మరొక పక్క యంత్రం. అక్క మా వెనక ప్లాస్టిక్ కుర్చీలో, చేతిలో చాయ్ గ్లాసుతో. ఆ మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. యంత్రం చక్కగా లేచింది. మనిషంత ఎత్తున నిలబడి, తోక ఊపుకుంటూ గాల్లో ఉంది. సర్ రెండు చేతులూ జోడించారు. అంతలో అది మెల్లగా వేదిక వైపు మొహం తిప్పింది. నేను వెనక్కి రమ్మంటే పక్కకు పోయింది, పక్కకు పొమ్మంటే ముందుకు పోయింది. వేదికకు రెండు వైపులా మనిషి ఎత్తు లౌడ్‌స్పీకర్లున్నాయి, వాటిలో పెద్ద అయస్కాంతాలు. మా యంత్రంలోని దిక్సూచికి అవే ఉత్తరం దిక్కులా కనిపించాయి. అది నెట్ అంచు దాటి, పూలదండల ఇనుప చట్రం కిందుగా దూరి, పెండ్లికొడుకు కూర్చునే ఎర్ర మఖ్మల్ సోఫా మీద తోక ఆనించి, వీపు వెనక్కి వాల్చి ఆగిపోయింది. పంకాలు నేనే ఆపాను గాని, చూసేవాళ్లకు అదే కూర్చున్నట్టుంది.

అక్క నవ్వడం మొదలుపెట్టింది. చాయ్ ఒలికిపోయేదాకా నవ్వింది.

"అలిగిన అల్లుడు కూసున్నట్టు కూసుండె గదనే! సారూ, దీనికి స్కూటర్ గావాల్నంట, అడుగుండ్రి."

అప్పటి నుంచి దాని పేరు అల్లుడు. మా కాగితాల్లో దానికి అంకెలూ అక్షరాలూ కలిపిన గంభీరమైన పేరుండేది. వారం తిరక్కుండానే సర్ కూడా ఫోన్లో "అల్లుడి తోక విరిగిందండీ" అనడం విన్నాను.

స్పీకర్లు బయటపెట్టించాక పని సాగింది. ఆషాఢమంతా రోజూ లేపడం, నిలపడం, దింపడం. అక్క రోజూ వచ్చేది. సలహాలు కూడా ఇచ్చేది. తోకకు కొంచెం బరువు కట్టమనేది. సర్ ఆమె కోసం కాగితం మీద బొమ్మ గీసి, తోకకు బరువు కడితే ఎందుకు తిరగబడుతుందో ఓపిగ్గా చెప్పేవారు. "ఔనా?" అని వినేది. మర్నాడు మళ్లీ, "పోనీ, ముక్కుకు కడ్తే?" అనేది.

ఒకరోజు పంకా ఒకటి గరగరలాడి ఆగిపోయింది. విప్పి చూస్తే ఇరుసుకు నల్లదారం చుట్టుకుని ఉంది, దాని చివర నుజ్జయిన నిమ్మకాయ, రెండు మిరపకాయలు.

"దిష్టి తగుల్తదని కట్టిన. పొద్దుగాల్నే కట్టిన, మీకు కానరాకుండ," అంది అక్క, తప్పు చేసినట్టు కాదు, తన కట్టుడు బాగాలేనందుకు.

సర్‌కు కోపం వచ్చింది. "ఏవండీ, ఇది సైన్సండీ! లారీ కాదు, నిమ్మకాయలు కట్టడానికి!"

"గట్లనా? మరి నిన్న రాహుకాలం పోయేదాంక ఎగరేయొద్దని ఎవరన్నరు సారూ?"

సర్ స్క్రూడ్రైవర్ కోసం సంచిలో చాలాసేపు వెతికారు, అది ఆయన జేబులోనే ఉంది.

ఆమెకు ఒక్కటే అసంతృప్తి. "రోజు నిలవడుడే చూస్తున్న. పండుకునుడు ఎప్పుడు?" అనేది. హాలులో పడుకోబెట్టడం కుదరదని, పడుకుంటే అది ఆగదని, గోడ దాటి పోవాలంటుందని చెప్పేవాళ్లం. ఆమె గోడ వైపు చూసేది, ఎంత అడ్డమో అంచనా వేస్తున్నట్టు.

శ్రావణం రాగానే మాకొక అవకాశం వచ్చింది. దూరపు ఊళ్ల ఆస్పత్రులకు మందుల డబ్బాలు గాల్లో పంపించాలనే ఆలోచనతో ఒక సంస్థ ఇలాంటి యంత్రాల కోసం చూస్తోంది. వాళ్ల తరఫున ఇద్దరు వచ్చి హాలులో చూస్తామన్నారు. ఒకాయన సన్నగా, గంభీరంగా ఉంటారు. రెండో ఆయన బొద్దుగా, ప్రతిదానికీ నవ్వడానికి సిద్ధంగా ఉంటారు. ఆ రోజు మధ్యాహ్నం హాలులో ఒక సీమంతం ఉందని, పొద్దున మాత్రం ఖాళీ అని అక్క చెప్పింది. సరిపోతుందనుకున్నాం.

మేం నెట్ కడుతుండగానే సీమంతం వాళ్లు దిగిపోయారు. పంతులుగారు ముహూర్తం ముందుకు జరిపారట. గాజుల బుట్టలు, పసుపు కుంకుమల పళ్లేలు, పూల గంపలు, ముసలమ్మలు, పిల్లలు, వంటవాళ్లు, ఫొటోగ్రాఫర్ అందరూ ఒక్కసారే వచ్చారు. వాళ్ల వెనకే మా ఇద్దరు అతిథులు కూడా వచ్చారు. ఎవరో వాళ్లను కూడా చుట్టాలే అనుకుని కుర్చీల్లో కూర్చోబెట్టి, చేతుల్లో ఇడ్లీ ప్లేట్లు పెట్టారు. సన్నాయన వద్దంటున్నా వినలేదు.

నేను అక్కను పక్కకు లాగాను. "అక్కా, ఇప్పుడెట్ల?"

"ఏమైతది? జెర ఎగరేసి దింపుండ్రి, ఆళ్లు ఆగుతరు," అని, సీమంతం పెద్దామె దగ్గరకెళ్లి ఏదో చెవిలో చెప్పింది. ఏం చెప్పిందో తర్వాత తెలిసింది. ఇది హాలు తరఫున ఉచితంగా చేసే ప్రత్యేక కార్యక్రమమని చెప్పిందట.

చీర కట్టుకుని, నిండు పొట్టతో ఉన్న సీమంతం అమ్మాయి వేదిక మీద సోఫాలో కూర్చుని ఉంది. అందరినీ నెట్‌కు ఇవతల, దూరంగా కూర్చోమన్నాం. కూర్చున్నారు. నేను పంకాలు తిప్పాను. అల్లుడు ఎంత అందంగా లేచాడంటే, ఆషాఢమంతా చేసిన కష్టం ఆ లేవడంలో కనిపించింది. ఒక్క వణుకు లేదు. నిలబడమన్నచోట నిలబడ్డాడు. సన్నాయన ఇడ్లీ ప్లేటు కింద పెట్టి ముందుకు వంగారు. సర్ నా చెవిలో, "ఇంకాస్త పైకి, ఇంకాస్త పైకి" అన్నారు.

ఇంకాస్త పైకి లేపడానికి పంకాల వేగం పెంచాను. నెట్ బంతిని ఆపుతుంది, గాలిని ఆపదు. ఆ గాలి నేలను తాకి నాలుగు వైపులకూ పరుగెత్తింది. మొదట పేపర్ ప్లేట్లు లేచాయి. తర్వాత పూల గంపలు బోర్లాపడి బంతిపూల రెక్కలు లేచాయి. ఆ తర్వాత పసుపు, కుంకుమ. పళ్లేలలో గోపురాల్లా పోసిన పసుపంతా ఒక్కసారి మబ్బులా లేచి, హాలంతా తిరిగి, అందరి మీదా నెమ్మదిగా దిగింది. నాకు యంత్రం కనిపించలేదు. చప్పుడును బట్టి, గుడ్డిగా, దేవుడా అనుకుంటూ దింపాను.

మబ్బు విడిపోయేసరికి హాలులో అందరూ ఒకే రంగులో ఉన్నారు. ముసలమ్మలు, పిల్లలు, వంటవాళ్లు, సర్ బట్టతల, సన్నాయన తెల్లచొక్కా, ఇడ్లీలు. నేను రిమోట్ పట్టుకుని పారిపోవడానికి ద్వారం ఎటుందా అని చూస్తున్నాను. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. ముందు వేదిక మీది అమ్మాయి కొట్టింది, తర్వాత అందరూ. సీమంతం పెద్దామె అక్కను కౌగిలించుకుంది. "ఎంత మంచిగ చేయించినవే! ఆకాశంకెళ్లి పసుపు కుంకుమ రాలినట్టె ఉండె!"

ఫొటోగ్రాఫర్ గొంతు చించుకుని అరిచాడు. "మేడం, వన్ మోర్ ప్లీజ్! నా లెన్స్ క్యాప్ తియ్యలె!"

బొద్దాయన కుర్చీలోంచి లేవలేనంతగా నవ్వుతున్నారు. సన్నాయన లేచి చొక్కా దులుపుకున్నారు, దులిపిన కొద్దీ పసుపు ఇంకా బాగా పట్టింది. సర్ ఆయన దగ్గరకు వెళ్లి క్షమాపణ చెప్పబోయారు. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"లేవడం చూశామండీ. బాగానే లేచింది. కాని నిలబడి లేచేవి మాకు చాలామంది చూపించారు. గాల్లో పడుకుని విమానంలా పోవడం చూపించండి. అది ఉంటేనే మాటలు." వెళ్లిపోయేముందు ఆ అమ్మాయి తల మీద అక్షతలు మాత్రం వేశారు. బొద్దాయన భోజనానికి కూడా ఉన్నారు.

ఇక తప్పలేదు. ఊరి బయట, ఎగరేయడానికి అనుమతి ఉన్నచోట సర్‌కు తెలిసినవాళ్ల బీడు భూమి ఉంది. ఆ ఇద్దరినీ పిలిచేముందు మేమే ఒకసారి చూసుకుందామని ఒక పొద్దున బయలుదేరాం. అక్క తన కారులో మా కంటే ముందే వచ్చి ఉంది. బియ్యప్పిండితో సర్వపిండి రొట్టెలు చేసుకొచ్చింది. సర్ ఒకటి తిని, "మా వైపు దీన్నే ఇంకాస్త పల్చగా చేస్తే ఇంకోలా ఉంటుందండీ," అన్నారు. "మీ దిక్కు చేసుడే రాదు, పల్చగ చేసుడు గూడనా?" అంది అక్క. ఇద్దరూ దీని మీద యుద్ధానికి దిగబోతుంటే నేను అక్క చేతికి నా ఫోన్ ఇచ్చాను. వీడియో తీయడం ఆమె పని. "ఎర్ర గుండు నొక్కి, మిషిన్ దిక్కు పట్టుండ్రి, అంతే," అని చూపించాను.

సర్ ఆ పొద్దున చాలా తక్కువ మాట్లాడారు. అక్కతో సర్వపిండి గొడవ తప్ప. ఈ ఒరిగే క్షణాల కోసమే ఆయన రిటైరైన దగ్గర నుంచీ కాగితాలు నింపారు. కాగితం మీద అది వందలసార్లు ఒరిగి, ఎగిరి, తిరిగొచ్చింది. గాల్లో ఒక్కసారీ లేదు.

లేపాను. హాలులో లేని ఎత్తుకు, చెట్లకన్నా పైకి వెళ్లింది. ఒరగమని మీట నొక్కాను. అది ముందుకు ఒరిగింది, ఒరిగి రాయిలా కిందికి జారింది. వెంటనే నిలబెట్టేశాను. "వేగం చాలలేదు," అన్నారు సర్. "ఇంకా పైకి వెళ్లి, ఇంకా గట్టిగా తోసి ఒరిగించు అమ్మాయ్."

రెండోసారి ఇంకా పైకి తీసుకెళ్లి, పంకాలు అరుస్తుండగా ఒరిగించాను. ముక్కు దిగింది. కొంచెం జారింది. ఇంకొంచెం. తర్వాత జారడం ఆగింది. పంకాల అరుపు ఉన్నట్టుండి తగ్గిపోయింది. అలా తగ్గుతుందని తెలుసు, బరువు రెక్కలెత్తుకున్నాక పంకాలకు పనేముంది? తెలిసినా వినడం వేరు. అంత గోల చేసే యంత్రం గుసగుసగా మారి, బీడు మీదుగా, పక్కనున్న మొక్కజొన్న చేను మీదుగా, కొంగలా సాగిపోయింది. నేను దాన్ని పెద్ద వలయంలో తిప్పాను. ఎంత తేలిగ్గా తిరిగిందంటే, నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"సర్! సర్, చూడుండ్రి! పోతున్నది!" అని అరిచాను. కళ్లు పక్కకు తిప్పే వీల్లేదు. జవాబు రాలేదు.

తిరిగొచ్చాక మళ్లీ నిలబెట్టబోతే అది మరీ ఉత్సాహంగా పైకి లేచిపోయింది. అప్పటికే బ్యాటరీ అయిపోవస్తోందని రిమోట్ కూస్తోంది. దింపుతూ దింపుతూ మొక్కజొన్న చేనులోకి దించాను. ముక్కు విరిగింది. అయినా గెంతుతూ వెనక్కి తిరిగాను.

సర్ నేల మీద కూర్చుని ఉన్నారు. రెండు చేతులతో కళ్లు మూసుకుని ఉన్నారు.

"సర్, ఏమైంది?"

"ఎక్కడ పడింది?" అన్నారు చేతులు తియ్యకుండానే.

"పడలే సర్! ఎగిరింది! రౌండ్ కొట్టి వచ్చింది!"

ఆయన చేతులు తీశారు. "చప్పుడు ఆగిపోయింది కదమ్మాయ్. మోటార్లు పోయాయనుకున్నాను. చూడలేక..." అని ఆగిపోయారు. చప్పుడు తగ్గుతుందని నాకు పాఠం చెప్పిందే ఆయన. కాగితం మీద ఎక్కడ తగ్గాలో ఎర్ర పెన్సిల్‌తో గుర్తు కూడా పెట్టారు. ఆ గుర్తు దగ్గరే కళ్లు మూసుకున్నారు.

"ఫర్వాలేదు సర్, వీడియో ఉంది," అన్నాను.

అక్క గర్వంగా ఫోన్ ఇచ్చింది. నొక్కాను. తెర నిండా అక్క ముఖం. మొదటి నుంచి చివరి దాకా అక్క ముఖమే. చాయ్ తాగేటప్పుడు ఎక్కడో వేలు తగిలి కెమెరా ముందు వైపుకు మారిపోయింది. యంత్రం ఒక్క క్షణం కూడా లేదు. అక్క కూడా చూసింది. "అయ్యో! నేనే ఉన్ననేందే అంత!" అంది, మెడలోని గొలుసు సరిగా పడిందో లేదో చూసుకుంటూ. నాకు అక్కడే చేనులో పడి ఏడవాలనిపించింది.

సర్ మాత్రం ఫోన్ తీసుకున్నారు. ముక్కు విరిగిన అల్లుణ్ని నేను చేనులోంచి మోసుకొచ్చేదాకా ఆయన ఆ వీడియో చూస్తూనే ఉన్నారు. నేనూ వెనక నిలబడి చూశాను. అందులో అక్క ముఖం ఆకాశం వైపు ఉంది. పంకాల అరుపు పెరుగుతోంది, ఆమె నోరు కొంచెం కొంచెంగా తెరుచుకుంటోంది. "ఒంగుతుండు... ఒంగుతుండు... అయ్యో, కింద వడ్తడే..." తర్వాత చప్పుడు తగ్గుతుంది. అక్క కళ్లు పెద్దవవుతాయి. ఆ కళ్లు ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా కదులుతాయి, మళ్లీ కుడి నుంచి ఎడమకు. మెడ కూడా తిరుగుతుంది. "పండుకుండు! సారూ, అల్లుడు పండుకుండు! అరే, ఎంత సక్కగ పోతుండు చూడుండ్రి..."

"వలయం పెద్దదే కొట్టావు," అన్నారు సర్, ఆమె కళ్ల కదలికను బట్టి. మళ్లీ మొదటి నుంచి పెట్టారు. చప్పుడు తగ్గాక కూడా ఈసారి పూర్తిగా విన్నారు. "రెక్కలు పట్టుకున్నాయి," అన్నారు మెల్లగా. చొక్కా చేత్తో కళ్లద్దాలు తుడుచుకున్నారు.

ముక్కు బాగుచేయడానికి రోజులు పడతాయి. ఆ సంస్థ వాళ్లు మాత్రం ఫోన్ మీద ఫోన్. చూపించడానికి మా దగ్గర యంత్రం నమోదు చేసిన ఎత్తూ వేగాల అంకెలూ, అక్క ముఖమూ తప్ప ఏమీ లేవు. సర్ రెండూ పంపమన్నారు. నేను సిగ్గుపడ్డాను. "అంకెలు సన్నాయనకి, ముఖం బొద్దాయనకి," అన్నారు సర్. పంపాం. రెండు రోజుల దాకా ఏ కబురూ లేదు. తర్వాత సన్నాయనే ఫోన్ చేశారు. అంకెలు చూశానని, వీడియో కూడా తమ ఆఫీసులో అందరూ చూశారని, చప్పుడు ఎక్కడ తగ్గిందో అంకెలతో సరిపోయిందని చెప్పారు. చివర్లో, "ఆవిడ ఎవరండీ?" అని అడిగారు. మా హాలు యజమాని అని చెప్పాను. "నా చొక్కాకి ఇంకా పసుపు పోలేదని చెప్పండి," అన్నారు.

వాళ్లు మాకు పనిచ్చారు గాని, తోక మీద నిలబడే రకం వద్దన్నారు. లేవడానికి నాలుగు పంకాలు, ముందుకు తోయడానికి ఒకటి, అలా విడివిడిగా ఉండే రకం చేయమన్నారు. అది ఒరగదు, పడుకోదు. నిమ్మళంగా లేచి, నిమ్మళంగా పోతుంది. మందులు మోయడానికి అదే మేలు, సర్ కూడా ఒప్పుకున్నారు, కాస్త మూతి ముడుచుకుని. అది చూసి అక్క, "మంచిగనే ఉంది. గవర్నమెంటు నౌకరి చేసేటోని లెక్క ఉంది," అంది.

ఇప్పుడు మా రోజులన్నీ ఆ బుద్ధిమంతుడి పనిలోనే పోతున్నాయి. సర్‌కు ఆ పని నచ్చుతోందో లేదో అడగలేదు. మొన్న చలి మొదలయ్యాక ఒక ఆదివారం ఆయనే ఫోన్ చేసి, "అమ్మాయ్, బీడుకి వెళ్దామా? పాతదాన్ని ఒకసారి," అన్నారు. వెళ్లాం. అక్కకు ఆ రోజు హాలులో పెండ్లి, రాలేకపోయింది. గాలి లేదు, ఆకాశం శుభ్రంగా ఉంది. లేపి, ఒరిగించాను. చప్పుడు తగ్గింది. ఓరకంట చూశాను. సర్ నడుం మీద చేతులు పెట్టుకుని, కళ్లు తెరిచి, తల పైకెత్తి నిలబడి ఉన్నారు. అది మొక్కజొన్న కోసేసిన చేను మీదుగా పోయి, తిరిగి, మా తలల మీదుగా వచ్చింది. దాని నీడ ఆయన ముఖం మీద నుంచి పోయింది.

ఏమంటారా అని ఎదురుచూశాను.

"ఎడమ రెక్క కొంచెం కిందికి లాగుతోందే," అన్నారు.

నేను మీట కొంచెం కుడికి జరిపాను.